తాతయ్య సైన్యంలో చేరి జబ్బుతో తిరిగొచ్చారు (1942-44): డిశ్చార్జి కాగితం చదవడంలో, రికార్డు వెతకడంలో సాయం కావాలి

పెరంబూరు మనవడు

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు దగ్గర పల్లె, కానీ మూడు తరాలుగా చెన్నైలోనే ఉంటున్నాం. మా అమ్మ వాళ్ల నాన్న ఫస్ట్ లైన్ బీచ్‌లో, అంటే ఇప్పటి రాజాజీ సాలైలో, ఒక ప్రైవేటు బ్యాంకులో గుమాస్తా. 1942 చివర్లో సైన్యంలో చేరారు. రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్‌లో (సైన్యానికి తిండి, సరుకులు చేరవేసే విభాగం) క్లర్కుగా తీసుకుని అస్సాం వైపు మణిపూర్ రోడ్‌కు పంపించారు. 1943 వానాకాలంలో జబ్బుపడ్డారు. నెలల తరబడి ఆసుపత్రుల్లో ఉంచి, 1944లో డిశ్చార్జి చేసి ఇంటికి పంపేశారు. మళ్లీ అదే బ్యాంకులో చేరి, రిటైరయ్యేదాకా లెడ్జర్లు రాసుకున్నారు. నేను పుట్టేసరికే ఆయన లేరు.

మా బంధువుల్లో ఆయన సైన్యం సంగతి ఎప్పుడు వచ్చినా ఒకటే మాట: "యుద్ధానికని పోయి జ్వరం తెచ్చుకుని వచ్చాడు." ఆ మాట అన్నప్పుడల్లా అమ్మ లేచి పక్కగదిలోకి వెళ్లిపోవడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఇప్పుడు మా వాళ్లందరూ కలిసి వంశచరిత్ర పుస్తకం వేయిస్తున్నారు. తాతయ్యకు ఒక పేజీ ఇచ్చారు. అది అమ్మ రాయాలి. ఏం రాయాలో తెలియక కాగితాలు ముందు పెట్టుకుని కూర్చుంటోంది.

మా దగ్గర రెండు కాగితాలు ఉన్నాయి. ఒకటి డిశ్చార్జి సర్టిఫికెట్. నంబరు, కోర్ పేరు, తేదీలు ఉన్నాయి. కారణం దగ్గర "తదుపరి సైనిక సేవకు వైద్యపరంగా అనర్హుడు" అని ఒక్క ముక్క. జబ్బు పేరు లేదు, ఏ ఆసుపత్రిలో ఉంచారో కూడా లేదు. నడవడి "చాలా మంచిది". రెండోది బ్యాంకు ఉత్తరం: జీతం లేని సెలవు ఇస్తున్నాం, యుద్ధం నుంచి వచ్చాక చేరవచ్చు అని. పతకాలేవీ లేవు.

ఆయనకు ఏం జబ్బు చేసి ఉంటుంది? రికార్డు ఎక్కడైనా దొరుకుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఆవడి సుబేదార్

బాబూ, నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో చేసి రిటైరయ్యాను. మీ తాతగారి కేసు కాగితం చూడకుండా ఫలానా జబ్బు అని నేను చెప్పను, చెప్పకూడదు. కానీ ఆ చోటు, ఆ సంవత్సరం చూస్తే ముందు అనుమానించాల్సింది మలేరియాని.

మణిపూర్ రోడ్ అంటే డిమాపూర్ రైల్వే స్టేషన్. కోహిమా మీదుగా ఇంఫాల్ వెళ్లే రోడ్డు అక్కడే మొదలవుతుంది. బర్మా సరిహద్దులో ఉన్న సైన్యానికి బియ్యం, పెట్రోలు, మందుగుండు అన్నీ ఆ స్టేషన్‌లో దిగాల్సిందే. ఆ డిపో పదకొండు మైళ్ల పొడవు, మైలు వెడల్పు ఉండేది. చుట్టూ అడవి, వాన, దోమ. మలేరియాతో పాటు రక్తవిరేచనాలు, ఒక రకం పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ కూడా ఉండేవి.

ఇప్పుడు అసలు లెక్క చెబుతాను, మీ అమ్మగారికి చదివి వినిపించండి. ఆ ఫ్రంట్‌లోని పద్నాలుగో ఆర్మీకి సేనాధిపతి అయిన జనరల్ స్లిమ్ తర్వాత తానే రాసుకున్నాడు. 1943లో గాయంతో వెనక్కి పంపిన ఒక్కో మనిషికి జబ్బుతో పంపినవాళ్లు 120 మంది. ఆ ఏడు మలేరియా రేటు మొత్తం బలగంలో 84 శాతం. ఆ ఫ్రంట్‌లో ఆ ఏడాది సైన్యాన్ని ఖాళీ చేసింది జపాన్ తుపాకి కంటే జ్వరమే ఎక్కువ. "జ్వరం తెచ్చుకుని వచ్చాడు" అనేవాళ్లకు ఆ ఏడాది అక్కడ ఏం జరిగిందో తెలియదు.

లెడ్జర్ కీపర్, మైలాపూర్

బ్యాంకులో ముప్పై ఏళ్లకు పైగా చేసినవాణ్ణి కాబట్టి ఆ ఉత్తరం మీద నా చూపు పడింది. దాన్ని లామినేట్ చేయించకండి, కాగితం పాడవుతుంది. యాసిడ్ లేని కవరులో పెట్టండి.

ఆ రోజుల్లో ప్రైవేటు బ్యాంకు గుమాస్తా ఉద్యోగం ఇప్పటిలా గట్టి నేల మీద ఉండేది కాదు. 1938లో ట్రావన్‌కోర్ నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు మూతపడితే దక్షిణాదిలో డిపాజిటర్లందరికీ గుండె ఆగినంత పనైంది. ఇంకొంచెం పెద్దవాళ్లు 1906లో అర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీయడం గుర్తుపెట్టుకుని ఉండేవాళ్లు. ఆ దెబ్బ తర్వాతే మద్రాసులో 1907లో ఇండియన్ బ్యాంకు పుట్టింది. పైగా యుద్ధంలో ధరలు పెరిగాయి, జీతం మాత్రం అక్కడే ఉంది. సైన్యంలో అయితే తిండి, బట్ట వాళ్లదే. జీతంలో కొంత భాగం నేరుగా ఇంటికి పంపే ఏర్పాటు కూడా ఉండేది. మెట్రిక్ చదివి, ఇంగ్లీషులో ఉత్తరం రాసి, లెక్క తప్పకుండా రాయగల కుర్రాడు సప్లై కోర్‌కు కావాలి. ఎన్ని బస్తాలు దిగాయి, ఎన్ని పైకి వెళ్లాయి, ఎన్ని తడిసి పాడయ్యాయి అన్నది ఎవరో ఒకరు రాయాలి కదా. మీ తాతగారు బ్యాంకులో చేసిన పనే అక్కడా చేసి ఉంటారు. డబ్బు బదులు రేషన్, అంతే తేడా.

తిరిగొచ్చాక సీనియారిటీ పోయిందా, ఉందా? పెన్షన్ కాగితాల్లో చేరిన తేదీ ఏం వేశారో చూడండి.

సూటిగా

నన్ను తప్పుగా అనుకోకండి, మనసులో మాట చెబుతున్నాను. ఇక్కడ ఇద్దరు తాతల సంగతి ఉంది. మీ తాతయ్య 1942 చివర్లో బ్రిటిష్ సైన్యంలో చేరారు. అదే 1942 ఆగస్టులో క్విట్ ఇండియా మొదలైతే మా తాత చదువు మానేసి జైలుకు వెళ్లాడు. బయటికి వచ్చేసరికి ఆయన ఆరోగ్యమూ చెడింది. ఆయనకు ఏ సర్టిఫికెట్టూ రాలేదు. కాబట్టి వంశచరిత్రలో "దేశం కోసం పోరాడారు" అని రాస్తే మాత్రం నాకు అభ్యంతరం. డిపోలో కూర్చుని రేషన్ లెక్క రాయడం, కోహిమాలో ఎదురుగా నిలబడి కాల్చడం ఒకటి కావు. స్లిమ్ పేరు వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. 1944లో జపాన్ వాళ్లు మీదికి వస్తుంటే డిమాపూర్‌లో రేషన్ తినేవాళ్లు 45 వేల మంది, తుపాకి కాల్చడం వచ్చినవాళ్లు 500 మంది దొరికితే గొప్ప అని అక్కడి అధికారి చెప్పినట్టు ఆయనే రాశాడు.

కోస్తా కబుర్లు

సూటిగా గారూ, మీ తాతగారికి నా నమస్కారం. ఆయన త్యాగాన్ని ఎవరూ తగ్గించడం లేదు. కానీ 1942 మద్రాసు ఎలా ఉండేదో కూడా చూడాలి. ఫిబ్రవరిలో సింగపూర్ పడిపోయింది, మార్చిలో రంగూన్. బర్మా నుంచి మన తెలుగువాళ్లు వేలమంది అడవుల గుండా నడిచి వచ్చారు, దారిలోనే పోయినవాళ్లు లెక్కలేనంతమంది. ఏప్రిల్ 5న కొలంబో మీద బాంబులు. 6న విశాఖపట్నం, కాకినాడ మీద. అదే నెలలో మద్రాసు ఖాళీ చేయమన్నారు. ఎగ్మోర్, సెంట్రల్ స్టేషన్లలో కాలు పెట్టే చోటు లేదు. హైకోర్టును కోయంబత్తూరుకు తరలించారు. బాంబులు పడితే బోనులు విరిగి బయటికొస్తాయని జూలో పులులను, సింహాలను కాల్చేశారు.

అలాంటి ఏడాది చివర్లో, సముద్రానికి ఎదురుగా ఉన్న ఆఫీసులో పనిచేసే కుర్రాడు సైన్యంలో చేరితే దాన్ని తెల్లవాడి మీద ప్రేమ అనుకోలేం. భయం, బాధ్యత, జీతం, ఊరు దాటి చూడాలన్న కోరిక, అన్నీ కలిసి ఉండొచ్చు. యుద్ధం మొదలైనప్పుడు రెండు లక్షలున్న భారత సైన్యం 1945కి 25 లక్షలు అయింది. నిర్బంధంగా చేర్చుకున్నది లేదు. ఆ పాతిక లక్షల మందికీ ఒకటే కారణం ఉండదు.

డిపో సంగతి కూడా. కోహిమాలో నిలబడినవాడికి తిండి వెళ్లింది ఆ డిపో నుంచే. డిమాపూర్ పోతే ఇంఫాల్ పోయినట్టేనని రెండు పక్షాల సేనాధిపతులకూ తెలుసు. ఆ 500 మంది లెక్క కూడా మీరు చెప్పినదానికి ఎదురు తిరుగుతుంది. కాల్చడం నేర్పకుండా అంతమందిని ముందుకు తెచ్చి పెట్టినవాళ్లను అడగాలి ఆ ప్రశ్న.

డాక్టరమ్మ, తిరువాన్మియూర్

పెరంబూరు మనవడు గారూ, ఒక ప్రశ్న. మీ తాతగారికి ఇంటికి వచ్చాక కూడా జ్వరాలు వచ్చేవా? మీ అమ్మగారిని అడిగి చెప్పండి. చలితో వణికి, తర్వాత కాల్చేసే జ్వరం, ఆ తర్వాత చెమట, ఈ వరుసలో వచ్చేదా? కడుపులో ఎడమవైపు గట్టిగా ఉండేదని, "బల్ల" (ప్లీహం వాపు) ఉందని ఎవరైనా అనేవారా?

పెరంబూరు మనవడు

డాక్టర్ గారూ, మీరు అడిగినవన్నీ అమ్మ కళ్లతో చూసిందే! ఏడాదికి ఒకటి రెండుసార్లు తాతయ్య మంచం పట్టేవారట. ఎండాకాలంలో కూడా రెండు దుప్పట్లు కప్పమనేవారు. ఆ రోజుల్లో బ్యాంకుకు సెలవు పెడితే జీతం కోస్తారని అమ్మమ్మకు దిగులు. అమ్మకు పదేళ్లు వచ్చేవరకు ఇది జరిగిందట. తర్వాత తగ్గిపోయింది. బల్ల అన్న మాట మా అమ్మమ్మ నోట వినేదాన్నని అమ్మే అంది, నేను అడగకముందే. అమ్మ 1946లో పుట్టింది.

లెడ్జర్ కీపర్ గారికి: పెన్షన్ కాగితాలు మా మామయ్య దగ్గర ఉన్నాయి, అడిగాను.

డాక్టరమ్మ, తిరువాన్మియూర్

మనిషిని పరీక్షించకుండా రోగ నిర్ధారణ చేయలేను. కానీ మీరు చెప్పింది వైవాక్స్ మలేరియా నడిచే తీరుకు చాలా దగ్గరగా ఉంది. ఈ రకం క్రిమి రక్తంలోంచి పోయినా కాలేయంలో నిద్రపోయినట్టు దాక్కుంటుంది. నెలల తర్వాత, ఒక్కోసారి ఏడాది దాటాక లేచి మళ్లీ రక్తంలోకి వస్తుంది. దోమ మళ్లీ కుట్టక్కర్లేదు.

ఆ కాలంలో ఎక్కువగా ఇచ్చిన మందులు క్వినైన్, మెపాక్రిన్. రెండూ రక్తంలో ఉన్నదాన్ని అణచగలవు, కాలేయంలో దాక్కున్నదాన్ని ముట్టుకోలేవు. దాన్ని చంపగల పామాక్విన్ అనే మందు ఉండేది గానీ దాని విషప్రభావం ఎక్కువ. అంతకంటే భద్రమైన ప్రైమాక్విన్ 1950 దశకం మొదట్లో గానీ రాలేదు. అంటే 1944లో మీ తాతగారిని ఏ పెద్ద ఆసుపత్రిలో ఉంచినా ప్రమాదం లేకుండా పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. క్వినైన్ కూడా కరువే. దానికి మూలమైన సింకోనా తోటలు ఎక్కువగా జావాలో ఉండేవి. జావా 1942 మార్చిలో జపాన్ చేతికి వెళ్లింది.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మద్రాసులోనూ మలేరియా ఉండేది. బావుల్లో, మిద్దెల మీది నీళ్ల ట్యాంకుల్లో పెరిగే దోమ మన ఊరికి పాతదే. ఇంటికి వచ్చాక వచ్చిన జ్వరాల్లో కొన్ని ఇక్కడివి కావచ్చు. అయితే కుర్రవాణ్ణి సైన్యం నుంచి పంపేసేంత జబ్బు మొదలైంది మాత్రం అక్కడే కదా.

దోమకూ మలేరియాకూ ఉన్న సంబంధం తేలింది మన సికింద్రాబాదులో, రోనాల్డ్ రాస్ చేతుల్లో, 1897 ఆగస్టు 20న. అంటే 1943కి ఆ సంగతి తెలిసి దాదాపు యాభై ఏళ్లు. తెలిసీ అంతమందిని దోమతెర, మాత్ర సరిగా లేకుండా అడవిలో నిలబెట్టారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

ఆవడి సుబేదార్

డాక్టరమ్మ చెప్పినదానికి సైన్యం వైపు నుంచి కొంచెం కలుపుతాను.

1943లో మలేరియా వచ్చినవాణ్ణి వందల మైళ్ల వెనక్కి, రైలు మీద, పడవ మీద బ్రహ్మపుత్ర దాటించి ఇండియా లోపలి ఆసుపత్రులకు పంపేవాళ్లు. అలా వెళ్లినవాడు సగటున ఐదు నెలలైనా యూనిట్‌కు తిరిగి వచ్చేవాడు కాదు. కొందరు రానే రారు. తర్వాత ఫ్రంట్‌కు కొద్ది మైళ్లలోనే మలేరియా చికిత్స యూనిట్లు పెట్టారు. వాటివల్ల కొన్ని వారాల్లోనే మనిషి లేచి పనిలోకి వచ్చేవాడు. మెపాక్రిన్ మాత్ర మింగడం తప్పనిసరి చేశారు. అది తింటే ఒళ్లు పచ్చబడుతుంది, మగతనం పోతుందన్న పుకారు కూడా లేచింది. అందుకని అధికారి ఎదురుగా నిలబడి మింగించేవాళ్లు. ఉన్నట్టుండి రక్తపరీక్షలు చేయించి, మాత్రలు సరిగా మింగించని కమాండర్లను స్లిమ్ పదవి నుంచి తీసేశాడు. ముగ్గుర్ని తీసేసరికి మిగిలినవాళ్లు దారికొచ్చారు. దోమలను చంపే డీడీటీ అయితే ఇంకా తర్వాత వచ్చింది.

స్లిమ్ పద్నాలుగో ఆర్మీ చేపట్టింది 1943 అక్టోబరులో. మీ తాతగారు జబ్బుపడింది అదే ఏడాది వానాకాలంలో, ఈ ఏర్పాట్లు ఇంకా పట్టు దొరకకముందు. ఒక్క ఏడాది తర్వాత వెళ్లి ఉంటే దగ్గర్లోని యూనిట్‌లో పడుకుని, లేచి, యుద్ధం అయ్యేదాకా పనిచేసి వచ్చేవారేమో. ఆయన సర్వీసు మధ్యలో ఆగడంలో ఆయన తప్పు వెతకడం అన్యాయం.

జాలహళ్లి లక్క

నేను బెంగళూరు నుంచి. ఆయన చికిత్స ఎక్కడ జరిగిందో కాగితంలో లేదన్నారు కదా. మా జాలహళ్లిలో యుద్ధకాలంలో పెద్ద పెద్ద సైనిక ఆసుపత్రులు కట్టారు, ఇప్పుడు అదంతా ఎయిర్‌ఫోర్స్ వాళ్ల స్థలం. దక్షిణాది వాళ్లని ఇటు పంపారేమో చూడండి. ఆయన రాసిన ఉత్తరాలు ఒక్కటైనా ఉంటే దాని మీది పోస్టల్ ముద్ర చాలు.

రికార్డుల మనిషి

అసలు ప్రశ్నకు వస్తాను. నేను మాజీ సైనికుల కాగితాల పనిలో చాలాకాలం తిరిగాను. ముందే చెబుతున్నాను, పూర్తి ఫైలు దొరుకుతుందన్న ఆశ పెట్టుకోకండి. పెన్షన్ లేకుండా బయటికి వచ్చినవాళ్ల సర్వీసు కాగితాలు 25 ఏళ్లు ఉంచి తర్వాత నాశనం చేయడం నియమం. మీ తాతగారి మెడికల్ బోర్డు కాగితాలు 1970ల్లోనే పోయి ఉంటాయి. కానీ లాంగ్ రోల్ అని ఒక పెద్ద రిజిస్టరు ఉంటుంది, దాన్ని శాశ్వతంగా ఉంచుతారు. నంబరు, పేరు, చేరిన తేదీ, వెళ్లిన తేదీ, ఎందుకు వెళ్లాడు అన్నది ఒక వరుసలో దొరకవచ్చు.

రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్ ఇప్పుడు ఆర్మీ సర్వీస్ కోర్. దాని దక్షిణ రికార్డు ఆఫీసు బెంగళూరులోనే ఉంది. డిశ్చార్జి సర్టిఫికెట్ జిరాక్స్, ఆయన మరణ ధ్రువపత్రం, మీ అమ్మగారు కూతురని చూపే కాగితం జతచేసి, దరఖాస్తు అమ్మగారి పేరుతోనే పంపించండి. మనవడు అడిగితే మళ్లీ "మీరెవరు" అన్న దగ్గరే నెలలు పోతాయి. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద పది రూపాయల పోస్టల్ ఆర్డరుతో అడగండి. నంబరులో ఒక్క అంకె తప్పినా ఇక అంతే, కాబట్టి భూతద్దం పెట్టి చూసి రాయండి. చెన్నైలో మాజీ సైనికుల సంక్షేమ కార్యాలయంలో ఒకసారి చూపించుకుంటే దరఖాస్తు రాయడంలో సాయం చేస్తారు.

పతకాల సంగతి. వార్ మెడల్‌కు 28 రోజుల సర్వీసు చాలు, అది ఆయనకు ఖాయంగా అర్హమే. ఇండియా సర్వీస్ మెడల్‌కు మూడేళ్లు కావాలి, అది రాదు. బర్మా స్టార్ చూడండి. బర్మాలో అడుగుపెట్టినవాళ్లకే అనుకుంటారు చాలామంది. 1942 మే నుంచి 1943 చివరిదాకా బెంగాల్, అస్సాంలలో నిర్ణయించిన ప్రాంతాల్లో చేసిన సర్వీసు కూడా లెక్కలోకి వస్తుంది. డిమాపూర్‌లో ఉన్నట్టు లాంగ్ రోల్‌లోనో, ఉత్తరంలోనో తేలితే ఆయన ఆ పతకానికి అర్హుడని మీ పేజీలో ధైర్యంగా రాసుకోవచ్చు.

సూటిగా

కోస్తా కబుర్లు గారి జవాబు, డాక్టరమ్మ రాసింది రెండుసార్లు చదివాను. జబ్బు గురించి నాకు అభ్యంతరం లేదు, మొదట కూడా లేదు. జైలు నుంచి మా తాత కూడా జబ్బుతోనే వచ్చాడు కాబట్టి ఆ బాధ మా ఇంట్లోనూ ఉంది. "దేశం కోసం పోరాడారు" అన్న వాక్యం మీద మాత్రం నా మాట మారదు. ఏం చేశారో అది రాయండి. ఎక్కడికి వెళ్లారు, ఏం పని చేశారు, ఏమైంది. ఆ మూడూ ఉంటే చదివేవాళ్లు వాళ్లే తెలుసుకుంటారు.

లెడ్జర్ కీపర్, మైలాపూర్

ఈ మాటకు నేనూ ఒప్పుకుంటాను. ఊరికే పెద్ద పెద్ద మాటలు వేస్తే అవతలివాళ్లు మళ్లీ అదే జ్వరం మాట తీస్తారు. గాయపడ్డ ఒక్కరికి జబ్బుపడ్డవాళ్లు 120 మంది అన్న లెక్క వేయండి చాలు.

అలాగే ఆయన తిరిగొచ్చాక కథ వదిలేయకండి. మలేరియాతో ఒళ్లు గుల్లయిన మనిషి వణుకుతూ, సెలవు పెడితే జీతం పోతుందని భయపడుతూ, అన్నేళ్లు కౌంటరు వెనక కూర్చున్నాడు. ఏడాది ఆఖరి లెక్కలప్పుడు రాత్రి పదకొండు దాకా దీపం కింద కూర్చోబెట్టేవాళ్లు గుమాస్తాలను. లెడ్జరులో అణా తేడా వస్తే దొరికేదాకా ఇంటికి పంపరు. ఆ పని పూర్తి ఆరోగ్యం ఉన్నవాడికే కష్టం.

పెరంబూరు మనవడు

ఒక్కొక్కరికీ విడిగా కృతజ్ఞత చెప్పాలి, అందరూ పెద్దవాళ్లు. అమ్మకు అన్నీ చదివి వినిపించాను. 120 లెక్క దగ్గర ఆపి మళ్లీ చదవమంది. తర్వాత సూటిగా గారి పోస్టు కూడా మొత్తం చదవమంది. "ఆయన చెప్పినట్టే రాస్తాను, ఏం జరిగిందో అది" అంది.

మామయ్య పెన్షన్ కాగితాలు ఫొటో తీసి పంపాడు. లెడ్జర్ కీపర్ గారూ, చేరిన తేదీ 1944 అని ఉంది. అంటే ముందు చేసిన సర్వీసు లెక్కలో పెట్టలేదు. ఉద్యోగం ఇచ్చారు గానీ సీనియారిటీ పోయింది. తాతయ్య దీని గురించి ఎవరితోనూ అన్నట్టు లేదు, అమ్మకూ ఇప్పుడే తెలిసింది.

దరఖాస్తు అమ్మ పేరుతో బెంగళూరుకు రిజిస్టర్డ్ పోస్టులో వెళ్లింది. పేజీలో జబ్బు పేరు "మలేరియా అయి ఉండవచ్చు" అనే రాస్తున్నాం. రికార్డు వస్తే సరిచేస్తాం.

ఆవడి సుబేదార్

ఇంకొక చోటు చూపించండి మీ అమ్మగారికి. నందంబాక్కంలో మద్రాస్ వార్ సిమెట్రీ ఉంది, మౌంట్-పూనమల్లి రోడ్డులో. 1952లో కట్టారు. దక్షిణ, తూర్పు ప్రాంతాల్లో చెదురుమదురుగా ఉన్న సమాధులను తెచ్చి అక్కడ చేర్చారు. రాళ్ల మీద తేదీలు చదువుతూ వెళ్లండి. మన హిందువులను దహనం చేశారు కాబట్టి వాళ్ల పేర్లు అక్కడ తక్కువ కనిపిస్తాయి. కోహిమాలో దహన స్మారకం మీద 917 పేర్లు ఉన్నాయి.

గుంటూరు నుంచి గిండీకి

ఈ చర్చ ఇప్పుడే చూశాను. మా పెద్దనాన్నగారిది ఇలాంటి సంగతే. టెలిగ్రాఫ్ ఆఫీసులో గుమాస్తా, 1943లో సిగ్నల్స్‌లో చేరారు, రక్తవిరేచనాలతో తిరిగొచ్చారు. డిశ్చార్జి కాగితం చెదలు తినేసింది, నంబరు సగమే కనిపిస్తోంది. సగం నంబరుతో అడిగితే పని జరుగుతుందా?

రికార్డుల మనిషి

సగం నంబరుతో కష్టమే, కానీ వదలకండి. ఆయన పూర్తి పేరు, తండ్రి పేరు, చేరినప్పుడు చెప్పిన ఊరు, తాలూకా, జిల్లా అన్నీ రాయండి. ఆ రోజుల్లో గుంటూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, కాబట్టి అలాగే రాయాలి. సిగ్నల్స్ రికార్డు ఆఫీసు జబల్‌పూర్‌లో. టెలిగ్రాఫ్ ఆఫీసు వాళ్లు సెలవు ఇచ్చినప్పుడు సర్వీసు పుస్తకంలో నమోదు చేసి ఉంటారు, దాని నకలు ఇంట్లో ఉందేమో ముందు వెతకండి. మనీ ఆర్డరు రసీదులు ఉంటే ఇంకా మంచిది, పంపినవాడి నంబరు వాటి మీద ఉండొచ్చు.